కమ్యూనిటీ హెల్త్ ప్రమోషన్ ఆఫీసర్‌గా పని మొదలుపెట్టడం ఎలా

ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మీ టేబుల్ మీదకి ఒక కరపత్రాల కట్ట వస్తుంది. పంచి, ఎన్ని పంచారో రాసి పంపమంటారు. ఆ కట్టను బీరువాలో పెట్టి తాళం వేయండి. ఇంకో నెల దాకా దానితో పని లేదు.

ఎందుకంటే, పొగ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయని తెలియక తాగేవాళ్లు ఇవాళ దాదాపు లేరు. చేతులు కడుక్కోవాలని మూడో క్లాసు పిల్లాడు కూడా చెబుతాడు. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఏదో ఒక అడ్డు ఉంటుంది. ఆ అడ్డేమిటో కనిపెట్టడం, దాన్ని తీసేయడమో కనీసం తగ్గించడమో చేయడం మీ పని. చెప్పడం అందులో ఒక ముక్క మాత్రమే.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. 1986 నవంబరులో కెనడాలోని ఒట్టావాలో హెల్త్ ప్రమోషన్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. అక్కడ వెలువడిన ఒట్టావా చార్టర్ అనే ప్రకటన ఈ వృత్తికి ఐదు పనులు అప్పజెప్పింది: ఆరోగ్యానికి మేలుచేసే విధానాలు తెప్పించడం, చుట్టూ ఉన్న పరిసరాలను అందుకు అనుకూలంగా మార్చడం, జనం తామే కలిసి పనిచేసేలా చూడడం, మనుషుల నైపుణ్యం పెంచడం, వైద్య సేవలను నివారణ వైపు తిప్పడం. ఈ ఐదింటిలో బోధన నాలుగోదాంట్లో వస్తుంది. మనలో చాలామంది ఉద్యోగ జీవితమంతా ఆ నాలుగోదాంట్లోనే గడిపేస్తారు.

1. ముందు నడవండి

మొదటి రెండు మూడు వారాలు ఏ కార్యక్రమమూ పెట్టకండి. మీకు అప్పగించిన ప్రాంతమంతా కాలినడకన తిరగండి. ఒకే వీధికి తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి. మూడు పూటలా కనిపించే మనుషులు వేరు, సమస్యలూ వేరు.

నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి: తాగే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు, ఎవరు మోస్తున్నారు. మురుగు ఎటు పోతోంది. బడి గేటుకు ఎంత దూరంలో సిగరెట్లు అమ్ముతున్నారు. కర్ర పట్టుకుని నడిచే మనిషి క్లినిక్ దాకా పోగలడా. చివరి బస్సు ఎన్నింటికి, మందుల షాపు ఎన్నింటికి మూస్తారు. క్లినిక్ మూసేశాక జ్వరం వస్తే జనం ఎవరి తలుపు తడతారు. ఈ చివరి ప్రశ్నకు దొరికే జవాబు బంగారం. ఆ మనిషికి ఏ డిగ్రీ లేకపోవచ్చు, కానీ మీ మాట నిలబడాలన్నా పడిపోవాలన్నా ఆ మనిషి చేతిలోనే ఉంటుంది.

తిరిగాక అక్కడివాళ్ల చేతే మ్యాప్ గీయించండి. ఆడవాళ్లతో ఒకటి, మగవాళ్లతో ఒకటి, కుర్రాళ్లతో ఒకటి విడివిడిగా గీయించాలి. ఆడవాళ్లు దీపం లేని సందును గుర్తు పెడతారు. మగవాళ్ల మ్యాప్‌లో ఆ సందే ఉండకపోవచ్చు.

మ్యాప్ అనగానే 1854లో లండన్‌లో వచ్చిన కలరా, డాక్టర్ జాన్ స్నో పేరు చెబుతారు. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ మరణాలు పోగుపడ్డాయని ఆయన చూపించాక, సెప్టెంబరు 8న ఆ పంపు పిడి ఊడదీశారు. అంతవరకూ అందరికీ తెలుసు. హెన్రీ వైట్‌హెడ్ పేరు మాత్రం తక్కువమందికి తెలుసు. ఆయన ఆ పేటలోని చర్చిలో పాదిరి. ఆ పంపు నీళ్ల వల్లే కలరా వస్తోందన్న స్నో వాదన తప్పని నిరూపిద్దామని బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి, తనకు పరిచయమున్న మనుషులందరితో మాట్లాడాడు. చివరికి ఆ పంపు ఎదుట 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో చనిపోయిన పసిపాప గుడ్డలు ఉతికిన నీళ్లు ఆ పంపు బావి పక్కనే ఉన్న మురుగు గుంతలో పోశారని బయటపెట్టింది ఆయనే. లెక్కలు వేయగల మనిషి, జనం తలుపు తీసి లోపలికి రానిచ్చే మనిషి, ఇద్దరూ ఉంటేనే పని జరిగింది. మీరు స్నో అయితే మీ పేటలో వైట్‌హెడ్ ఎవరో వెతుక్కోండి. మిమ్మల్ని నమ్మని మనిషే అయినా సరే.

2. రిజిస్టరు తెరవండి, కానీ దానిని పూర్తిగా నమ్మకండి

క్లినిక్ రిజిస్టర్లు అడిగి, గత రెండు మూడేళ్లవి చూడండి. ఏ జబ్బు, ఏ వయసు, ఆడా మగా, ఏ వీధి, ఏ నెల అన్నవి విడదీసుకోండి. ఈ నెల 12 డయేరియా కేసులున్నాయంటే అది ఎక్కువో తక్కువో ఆ అంకె ఒక్కటే చెప్పదు. పోయినేడు ఇదే నెలలో ఎన్ని? ఆ వీధిలో ఉండే పిల్లలు ఎంతమంది? ఈ రెండూ తెలిస్తేనే దానికి అర్థం వస్తుంది. రెండు కేసులు నాలుగైతే "100 శాతం పెరుగుదల" అని రిపోర్టులో రాయకండి. చదివేవాళ్లు హడలిపోతారు, లేదా మిమ్మల్ని లెక్కచేయడం మానేస్తారు.

ఇంకో సంగతి. రిజిస్టరులో క్లినిక్‌కు వచ్చినవాళ్లే ఉంటారు. రాలేనివాళ్లు, రాకూడదనుకున్నవాళ్లు, వచ్చి అవమానపడి మళ్లీ ముఖం చూపించనివాళ్లు అందులో ఉండరు. చాలాసార్లు మీ అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే.

ఈ అంకెలు పట్టుకుని జనం దగ్గరికి వెళ్లి, మీకు దేని గురించి దిగులుగా ఉంది అని అడగండి. మీ అంకెలు బీపీ అంటాయి, వాళ్లు వీధికుక్కలు అంటారు. వీలైతే ముందు కుక్కల సంగతి చూడండి. అది తేలితే బీపీ గురించి మాట్లాడేటప్పుడు వాళ్లు కూర్చుని వింటారు.

తర్వాత ఒక్క సమస్యను ఎంచుకోండి. ఎంతమందిని పట్టి పీడిస్తోంది, ఎంత ప్రమాదం, మనకున్న మనుషులతో డబ్బుతో మార్చగలమా, వాళ్లకు మార్చాలని ఉందా అని నాలుగు వైపులా చూసి తేల్చండి. పై ఆఫీసు పది సమస్యల జాబితా ఇస్తుంది. పదీ చేస్తున్నట్టు రాసుకోండి, పట్టుదలగా మాత్రం ఒక్కటే చేయండి.

3. ఏ పని మారాలో ఒక్క వాక్యంలో రాయండి

"పరిశుభ్రతపై అవగాహన పెంచుట" అన్నది ఫైల్లో రాసుకోవడానికే పనికొస్తుంది. ఎవరు, ఏ పని, ఎప్పుడు, ఎక్కడ అన్నవి ఉండాలి. "ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో పెద్దవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం." ఇలా రాస్తే రేపు వెళ్లి చూడొచ్చు, జరుగుతోందో లేదో చెప్పొచ్చు.

ఇప్పుడు ఆ పని ఎందుకు జరగడం లేదో చూడాలి. మనస్తత్వవేత్త సుసాన్ మిచీ, ఆమె సహచరులు 2011లో దీన్ని మూడు ముక్కల్లో పెట్టారు: చేయగల శక్తి, చేసే వీలు, చేయాలనే కోరిక. ఏ అలవాటు నిలవాలన్నా ఈ మూడూ ఉండాలి. మనం సాధారణంగా మూడోది లేదనుకుని ఉపన్యాసం మొదలుపెడతాం. తీరా చూస్తే లోటు రెండోదాంట్లో ఉంటుంది.

ఒక ఇంట్లోకి వెళ్లి, చేతులు ఎక్కడ కడుక్కుంటారో చూపించమని అడగండి. మరుగుదొడ్డి పెరట్లో ఈ మూల, కుళాయి ఆ మూల. సబ్బు స్నానాల గదిలో, పిల్లలకు అందని ఎత్తులో, మూత పెట్టిన డబ్బాలో. ఉన్నది ఒకటే సబ్బు, నీళ్లలో నాని కరిగిపోతుందని జాగ్రత్త. ఆ ఇంటి ఇల్లాలికి చేతుల శుభ్రత గురించి మీరు కొత్తగా చెప్పేదేమీ లేదు. చేయాల్సింది ఒకటే. సబ్బును చిన్న వలసంచిలో వేసి మరుగుదొడ్డి బయట, పిల్లల ఎత్తులో వేలాడదీయాలి. అక్కడ కుళాయి లేకపోతే ప్లాస్టిక్ డబ్బాకు చిల్లు పెట్టి, తాడుకు కట్టి, కాలితో తొక్కితే నీళ్లు పడేలా చేయొచ్చు. దీన్ని టిప్పీ ట్యాప్ అంటారు. ఎన్నో దేశాల్లో బడిపిల్లలే కట్టుకుంటున్నారు.

అడ్డు ఏమిటని మనుషుల్ని నేరుగా అడిగితే "తీరిక లేదండీ" అంటారు. అది మర్యాద కోసం చెప్పే జవాబు. చూడండి, పక్కన నిలబడండి, వాళ్లు ఆ పని చేస్తున్నప్పుడు మాట్లాడండి.

4. ఇప్పటికే చేస్తున్నవాళ్లను వెతకండి

ఎంత కష్టమున్న చోటైనా ఒకరిద్దరు ఆ పని చక్కగా చేస్తూ ఉంటారు. 1990 చివర్లో సేవ్ ద చిల్డ్రన్ సంస్థ తరఫున వియత్నాం వెళ్లిన జెర్రీ స్టెర్నిన్, మోనిక్ స్టెర్నిన్ దంపతులు దీన్నే పద్ధతిగా మలిచారు. అక్కడి పల్లెల్లో పిల్లలు పోషణ లేక చిక్కిపోతున్నారు. పేద ఇళ్లలోనే పుష్టిగా ఉన్న పిల్లలు ఎవరో ఊరివాళ్ల చేతే వెతికించారు. ఆ తల్లులు పొలాల్లో దొరికే చిన్న రొయ్యలు, పీతలు, చిలగడదుంప ఆకులు పిల్లల అన్నంలో కలుపుతున్నారు. మిగతావాళ్లు అవి పిల్లలకు పడవనుకున్నారు. తిండి కూడా రోజుకు రెండుసార్లు కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెడుతున్నారు. బయట నుంచి ఏమీ తేవాల్సిన పని లేకపోయింది. ఆ తల్లులే మిగతా తల్లులతో కలిసి వండి చూపించారు.

మీ ప్రాంతంలోనూ ఇదే చేయండి. సిగరెట్ మానేసిన ఆటో డ్రైవర్ మాటకు ఉండే బరువు డాక్టర్ మాటకు ఉండదు. కాకపోతే అతన్ని వేదికెక్కించి దండ వేయకండి. దండ పడిన మరుక్షణం అతను మీ మనిషి అయిపోతాడు, వాళ్ల మనిషిగా ఉండడు.

పెద్దల దగ్గరికీ వెళ్లాలి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగినప్పుడు మృతదేహాల నుంచి జబ్బు అంటుకునేది. ముసుగులేసుకున్న బృందాలు వచ్చి శవాన్ని సంచిలో పెట్టి తీసుకుపోతుంటే కుటుంబాలు శవాలను దాచేవి. ఆ ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మతపెద్దలతో కలిసి కొత్త పద్ధతి తెచ్చింది. జాగ్రత్తలు జాగ్రత్తలే, కానీ ప్రార్థనకు సమయం ఉంటుంది, కుటుంబం దగ్గరుండి చూస్తుంది, ఏది ఎలా జరగాలో వాళ్లను అడుగుతారు. జనం మొండికేశారని మనం అనుకునే చోట చాలాసార్లు వాళ్లకు విలువైనదేదో మన కాలి కింద పడి ఉంటుంది.

5. ఇంటికి వెళ్లినప్పుడు ఎలా మాట్లాడాలి

ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

బీపీ మందులు వాడుతున్న ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లారనుకోండి. "టాబ్లెట్లు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడిగితే "ఆఁ, వేసుకుంటున్నా" అనే వస్తుంది. ఇంకెలా వస్తుంది, లేదంటే చీవాట్లు తినాలి కదా. ప్రశ్న ఇలా మార్చండి:

"రోజూ గుర్తుపెట్టుకుని వేసుకోవడం చాలామందికి కష్టంగానే ఉంటుంది పెద్దమ్మా. పోయిన వారంలో మీకు ఎన్ని రోజులు కుదర్లేదు?"

"రెండ్రోజులు మానేశానమ్మా. తలనొప్పేం లేదు కదా, ఎందుకులే అనుకున్నా."

"ఒంట్లో బాగోనప్పుడే వేసుకుంటున్నారన్నమాట."

"మరే. ఊరికే మింగితే కిడ్నీలు పోతాయంటగా. పక్కింటావిడ చెప్పింది."

"ఆ మాట వింటే ఎవరికైనా భయం వేస్తుంది. దీని గురించి నాకు తెలిసింది చెప్పనా?"

"చెప్పు."

"బీపీ పెరిగినా చాలామందికి నొప్పేమీ తెలియదు పెద్దమ్మా. తెలియకుండానే లోపల గుండెనీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది. అది జరగకుండా ఉండడానికే ఈ మందు. మీకు పడుతోందా లేదా అనే అనుమానం ఉంటే డాక్టర్ గారు పరీక్ష చేయించి చెబుతారు, కావాలంటే మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు."

ఇక్కడ ఆగకూడదు. "అర్థమైందా?" అని అసలు అడగకండి, తల ఊపేస్తారు. దానికి బదులు: "నేను సరిగ్గా చెప్పానో లేదో తెలియడం లేదు. సాయంత్రం మీ అబ్బాయి వచ్చి, బాగానే ఉన్నావు కదా, రోజూ ఎందుకమ్మా ఈ మందు అంటే ఏం చెబుతారు?" ఆమె తన మాటల్లో చెబుతుంది. తప్పు చెబితే అది మీరు చెప్పిన తీరులో లోపం, మళ్లీ ఇంకోలా చెప్పాలి. చివరగా, "మందు ఎక్కడ పెట్టుకుంటే గుర్తుంటుంది?" అని అడగండి. "అద్దం దగ్గర పెడతా, పొద్దున్నే తల దువ్వుకునేటప్పుడు కనబడుతుంది" అని ఆమే తేల్చుకుంటుంది. ఆ చోటు మీరు చెప్పి ఉంటే మూడో రోజుకు మర్చిపోయేది.

ఈ మాట్లాడే పద్ధతికి మూలం విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983లో తాగుడు అలవాటున్నవాళ్లతో చేసిన పని మీద రాసిన వ్యాసం. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దాన్ని విస్తరించాడు. సారాంశం చిన్నదే. మీరు మారమని ఒత్తిడి చేసిన కొద్దీ అవతలి మనిషి మారకపోవడానికి కారణాలు చెబుతూ పోతాడు, అలా చెప్పీ చెప్పీ తన మాట తనే నమ్ముతాడు. మారడానికి కారణాలు అతని నోటే రావాలి. అనుమతి అడిగి చెప్పండి, చెప్పేది తక్కువ చెప్పండి, విన్నది వాళ్లకే తిరిగి అప్పజెప్పండి.

6. మీటింగ్ పెడితే చేతులతో పని చేయించండి

పన్నెండు, పదిహేను మంది చాలు. వాళ్లకు వీలైన సమయం, వాళ్లు మామూలుగా కూర్చునే చోటు. మైకు వద్దు. మైకు పట్టుకోగానే ఎవరి గొంతైనా ఉపన్యాసమైపోతుంది.

పిల్లల విరేచనాల గురించైతే ఓఆర్‌ఎస్ మీరు కలిపి చూపించకండి, వాళ్ల చేత కలిపించండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్లని రాసి ఉందో వాళ్లే చదవాలి, ఎందుకంటే లీటరు ప్యాకెట్లూ ఉంటాయి, చిన్నవీ ఉంటాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై పిల్లలకు ప్రమాదం. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో సమంగా కొట్టిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. బిడ్డ తాగలేకపోతున్నా, మగతగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఈ నాలుగు గుర్తులూ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పేదాకా మీటింగ్ ముగించకండి.

ఈ పనిని అందరికంటే పెద్ద ఎత్తున చేసి చూపించింది బంగ్లాదేశ్‌కు చెందిన బ్రాక్ సంస్థ. 1980 నుంచి 1990 దాకా దాని మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి కోటికి పైగా ఇళ్లలో తల్లులకు ఉప్పు, బెల్లం, నీళ్లతో ద్రావణం కలపడం నేర్పారు. అందులో నాకు బాగా నచ్చింది జీతం లెక్క. ఎన్ని ఇళ్లు తిరిగావని కాదు. కొన్నాళ్లయ్యాక వేరే మనిషి వెళ్లి కొందరు తల్లులను ఎంపికచేసి పరీక్షించేవాడు, వాళ్లకు ఎంత గుర్తుందో దాన్ని బట్టి కార్యకర్తకు డబ్బు. దాంతో కార్యకర్తలు తల్లి చేత కలిపించి, తప్పు దిద్ది, మళ్లీ కలిపించే దాకా కదిలేవారు కాదు. ఇంకో మెలిక కూడా బయటపడింది. నేర్చుకున్నా వాడేవాళ్లు మొదట్లో తక్కువే. ఎందుకా అని చూస్తే, కొందరు కార్యకర్తలకే ఆ ద్రావణం మీద నమ్మకం లేదు. ఇళ్లలో మగవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పనూ లేదు. రెండూ సరిచేసుకున్నాకే వాడకం పెరిగింది. మీ బృందానికి మీ సందేశం మీద నమ్మకం ఉందో లేదో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

7. ఇప్పుడు ఆ బీరువా తెరవండి

కరపత్రాలు, పోస్టర్లు చెడ్డవని కాదు. ప్రింటుకు వెళ్లే ముందు పరీక్షించాలి. ఐదారుగురికి బొమ్మ చూపించి "ఇందులో ఏం కనిపిస్తోంది? ఇది చూశాక ఏం చేయమంటున్నట్టు ఉంది?" అని అడగండి. బొమ్మ మీద ఇంటూ గుర్తు పెడితే "వద్దు" అని అందరూ అనుకోరు. వరుసలో పెట్టిన నాలుగు బొమ్మలను నాలుగు విడి సంగతులుగా చూసేవాళ్లూ ఉంటారు. ఒక పోస్టరుకు ఒక పని చాలు. "30 శాతం" కంటే "పది మందిలో ముగ్గురు" అనండి.

భయపెట్టే బొమ్మలంటే పై అధికారులకు ఇష్టం. భయం ఒక్కటే చూపించి వదిలేస్తే మనిషి తల తిప్పుకుంటాడు. భయం చూపిస్తే దాని పక్కనే, ఇవాళే చేయగల పని ఒకటి ఉండాలి: ఫలానా చోట, ఫలానా రోజు, ఉచితంగా పరీక్ష అని.

ర్యాలీలు, టోపీలు, టీషర్టుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చేయమంటే చేయండి, ఆ రోజు రోడ్డు మీద కలిసిన నలుగురి ఫోన్ నంబర్లు రాసుకుని రండి, అదైనా మిగులుతుంది.

8. పుకారు వచ్చినప్పుడు

టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరట అన్న మాట లేచిందనుకోండి. ముందు అది ఎక్కడ మొదలైందో, దాని వెనక ఏ భయం ఉందో వినండి. ఎగతాళి చేయకండి. మాట్లాడేటప్పుడు నిజంతో మొదలుపెట్టి, పుకారును ఒక్కసారి మాత్రమే ప్రస్తావించి, మళ్లీ నిజం దగ్గరే ముగించండి. దాన్నే పదేపదే ఖండిస్తే విననివాళ్లు కూడా వింటారు. టీకా వేసిన చోట నొప్పి, ఒకట్రెండు రోజులు జ్వరం రావొచ్చని ముందే చెప్పండి. చెప్పకుండా దాచి, తర్వాత జ్వరం వస్తే మీ మిగతా మాటలన్నీ అబద్ధాల కిందే జమ అవుతాయి.

9. ఆఫీసు మెట్లెక్కండి

కుళాయి లేని వీధిలో చేతుల శుభ్రత గురించి ఎన్నేళ్లు చెప్పినా ఫలితం రాదు. నీటి శాఖ, బడి, రవాణా, దుకాణదారుల సంఘం, వంటశాలలు నడిపేవాళ్లు, వీళ్లందరి గుమ్మాలూ మీరు ఎక్కాల్సినవే. అర్జీ ఒక పేజీ దాటకూడదు. సమస్య, మ్యాప్, అడిగేది ఒక్కటే, అది చేస్తే వాళ్లకు కలిగే మేలు. అర్జీ ఇచ్చేటప్పుడు మీరు ఒక్కరే కాకుండా ఆ వీధివాళ్లు ఇద్దరినైనా తీసుకెళ్లండి, మాట్లాడే పని వాళ్లకు వదలండి.

ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో 1972లో మొదలైన పని దీనికి చక్కని ఉదాహరణ. పని వయసు మగవాళ్లు గుండెజబ్బుతో విపరీతంగా చనిపోతుంటే, ఏదైనా చేయమని ఆ ప్రాంత ప్రజలే ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. పెక్కా పుస్కా అనే యువ డాక్టర్ ఆధ్వర్యంలోని బృందం ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పాడి సంస్థలతో కూర్చుని కొవ్వు తక్కువ పాలు తెప్పించింది. సాసేజ్ అనే మాంసం వంటకం తయారీదార్లతో అందులో కొవ్వు, ఉప్పు తగ్గింపజేసింది. మహిళా సంఘాలతో కలిసి కొత్త వంటలు చేయించింది. వెన్న అమ్ముడుపోక నష్టపోయే రైతుల కోసం బెర్రీల సాగును ప్రోత్సహించింది. కొన్ని దశాబ్దాల్లో ఆ వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రైతు గురించి ఆలోచించడం గమనించండి. మీరు తెచ్చే మార్పు వల్ల ఎవరి కడుపు కొడుతున్నారో చూసుకోకపోతే వాళ్లే మీకు మొదటి శత్రువులవుతారు.

10. హద్దులు

మీరు డాక్టర్ కాదు. మందు మార్చకండి, జబ్బు పేరు చెప్పకండి. బీపీ చూసినప్పుడు 140/90 లేదా అంతకు మించి వస్తే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసి, రెండు అంకెలూ రాసి క్లినిక్‌కు పంపండి. పంపాక వెళ్లారో లేదో కనుక్కోండి. చీటీ రాసిచ్చి మర్చిపోవడం పంపడం కాదు.

ఒక ఇంట్లో విన్నది పక్కింట్లో చెప్పకూడదు, పేరు లేకుండా అయినా. చిన్న ఊళ్లో "ఒకావిడ" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఫోటో తీసే ముందు అడగాలి, ఎక్కడ వాడతారో చెప్పాలి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయాలి. ఇంట్లో హింస జరుగుతోందని అనుమానం వస్తే ఆ ఇంట్లోవాళ్ల ముందు అడగకండి. ఆమె ఒంటరిగా దొరికినప్పుడు అడిగి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, నిర్ణయం ఆమెది. పసివాళ్లకు ప్రమాదం ఉంటే మాత్రం ఎవరికి చెప్పాలో మీ ఆఫీసు నియమాలు ముందే చదివి ఉంచుకోండి. ఆ రోజు వెతుక్కునే తీరిక ఉండదు.

ఇళ్లకు వెళ్లే ముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఆఫీసులో ఒకరికి చెప్పి వెళ్లండి.

11. ఏది లెక్కపెట్టాలి

పై ఆఫీసు అడిగేది: ఎన్ని మీటింగులు, ఎంతమంది వచ్చారు, ఎన్ని కరపత్రాలు. అవి ఇవ్వండి, గొడవెందుకు. మీ కోసం మాత్రం వేరే లెక్క పెట్టుకోండి. పని మొదలుపెట్టక ముందే 30 ఇళ్లు ఎంచుకుని మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఎన్నిట్లో ఉందో చూసి రాసుకోండి. మీకు నచ్చిన ఇళ్లు కాకుండా, మ్యాప్ మీద ప్రతి ఐదో ఇల్లో పదో ఇల్లో తీసుకోండి. మూడు నెలలకు అలాగే మళ్లీ చూడండి, ఆరు నెలలకు ఇంకోసారి. సబ్బు తడిగా ఉందా, పొడిగా ఎండి పగిలి ఉందా అన్నది కూడా రాయండి. అడిగితే అందరూ కడుక్కుంటున్నామనే అంటారు, సబ్బు అబద్ధం చెప్పదు.

అంకె కదలకపోతే జనాన్ని తిట్టుకోకుండా మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి, అడ్డును తప్పుగా గుర్తించి ఉంటారు. కదిలితే, ఏ ఇళ్లలో కదలలేదో చూడండి. చాలాసార్లు మార్పు ముందు కాస్త ఉన్నవాళ్ల ఇళ్లకు చేరుతుంది, అట్టడుగున ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోతారు. సగటు చూసి సంతోషపడితే ఆ సంగతి కనిపించదు.

ఫలితం మొదట ఆ వీధివాళ్లకు చెప్పండి, తర్వాత ఆఫీసుకు. వాళ్ల ఇళ్ల లెక్క వాళ్లకంటే ముందు వేరేవాళ్లకు తెలియడం మర్యాద కాదు.

12. మీరు వెళ్లిపోయే రోజు కోసం

బదిలీ ఎప్పుడైనా రావొచ్చు, లేదా ప్రాజెక్టు డబ్బు అయిపోవచ్చు. అందుకని మొదటి నెల నుంచే ఒక నోట్‌బుక్ విడిగా పెట్టండి. మ్యాప్ నకలు, ఏ వీధికి ఏ సమయంలో వెళ్లాలి, ఏ అర్జీ ఏ టేబుల్ మీద ఆగింది, 30 ఇళ్ల లెక్క, మొదలుపెట్టి ఆపేసిన పనులు, ఎందుకు ఆపారు. జనం వ్యక్తిగత సంగతులు అందులో రాయకండి. రాత్రిపూట అందరూ తలుపు తట్టే ఆ మనిషి ఒప్పుకుంటే, కొత్తగా వచ్చే ఆఫీసర్‌ను మీరే వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేయండి. పరిచయమయ్యాక మీరు కాస్త ముందే లేచి వచ్చేయండి, వాళ్లిద్దరినీ మాట్లాడుకోనివ్వండి.